పాస్టర్ గారూ, ఈ వారం ఒక ఉత్తరం రాయండి

"అయ్యగారూ, ఆదివారం మీరు చెప్పిన వాక్యం జర కాగితం మీద రాసిస్తరా? మా ఆయన బొంబాయిల ఉన్నడు. నేను ఫోన్ల చెప్పబోతే సగం మర్చిపోతున్న."

పద్నాలుగేళ్ల కింద, ఆరాధన అయిపోయి చాపలు చుట్టేస్తుంటే మా సంఘంలో ఒక అక్క అడిగిన మాట ఇది. మావి నారాయణపేట, మక్తల్ మధ్య పల్లెలు. పత్తి ఏరడం, వరి కోతలు అయిపోయాయంటే ఇళ్లకు తాళాలు పడతాయి. ముసలివాళ్లు, బడికి పోయే పిల్లలు ఊళ్లో మిగులుతారు, చేతనైనవాళ్లంతా ముంబై, పూణె, హైదరాబాద్ బిల్డింగ్ పనులకు పోతారు. పాలమూరు లేబర్ అని దేశమంతా పేరు పడింది మన వాళ్లకే కదా. ఇలాంటి ఊళ్లలో కాపరి పని చేసేవాడికి మందలో చాలా భాగం ఏడాదిలో కొన్ని నెలలు కంటికే కనబడదు. వాళ్ల కోసం నేను చేయగలిగింది ప్రార్థన ఒక్కటే అని ఆ రోజు దాకా అనుకునేవాణ్ని.

ఆ రాత్రి కూర్చుని మూడు పేజీలు రాశాను. "క్రీస్తునందు ప్రియమైన సహోదరులారా" అని మొదలుపెట్టి, ప్రసంగంలో చెప్పిన పాయింట్లన్నీ, ఎనిమిదో తొమ్మిదో రిఫరెన్సులతో సహా దించేశాను. నెల తర్వాత అడిగితే ఆ అక్క తల వంచుకుని "మొదటి కాగితం చదివి మడిచి పెట్టిండంట" అంది. రెండోసారి అర పేజీయే రాశాను. "తమ్ముడూ, మొన్న ఆదివారం నీ బిడ్డ 23వ కీర్తన చూడకుండా అప్పజెప్పింది. నాలుగో వచనం దగ్గర ఆగి నా మొహం చూసింది, నేను అందించేలోపే మళ్లీ తనే అందుకుంది. నువ్వుంటే చూసేవాడివి" అని రాసి, కింద ఆ నాలుగో వచనం పూర్తిగా రాసి, ముంబై బస్సెక్కుతున్న మేస్త్రీ చేతికిచ్చాను. ఉగాదికి ఆయన ఊరికొచ్చినప్పుడు ఆ కాగితం చొక్కా జేబులో ఉంది. రేషన్ కార్డు పెట్టుకునే ప్లాస్టిక్ కవర్లో రేషన్ కార్డుకు ఇటువైపు దాన్ని పెట్టుకున్నాడు. మడతల దగ్గర చిరిగితే సెల్లో టేపు అంటించాడు, అంచులకు సిమెంటు అంటింది.

ఆ రెండు కాగితాలకూ ఉన్న తేడాయే నేను మీకు చెప్పాలనుకున్నది. మొదటిది అందరికీ రాసింది, అది ఎవరికీ అందలేదు. రెండోది ఆయనకే రాసింది. ఈ కింద చెప్పేవన్నీ ఆ రెండో రకం కాగితం రాయడం గురించే.

"మాకు బోధ చేయడమే వచ్చు, రాయడం రాదు" అని చాలామంది పాస్టర్లు అంటారు. అన్నా, మనం ఆదివారం ఆదివారం చదివే కొత్త నిబంధన 27 పుస్తకాల్లో 21 పత్రికలే, అంటే ఉత్తరాలే. చెరసాలలో ఉండి ఇంటింటికీ తిరగలేని మనిషి రాసినవి వాటిలో కొన్ని ఉన్నాయి. ఫిలేమోనుకు రాసింది 25 వచనాలు. ఒక ఇంట్లో ఒక దాసుడి విషయం, అంతే, కానీ ఆ ఇంట్లోవాళ్ల పేర్లు కూడా మర్చిపోకుండా రాశాడు పౌలు. కొరింథువాళ్లకు రాసేటప్పుడు ఎంతో కన్నీళ్లతో రాశానని ఆయనే చెప్పుకున్నాడు. కాపరి స్వయంగా పోలేని చోటికి ఆయన తరఫున పోయేది ఉత్తరం.

చేతిరాత బాగాలేదనే బెంగ కూడా పక్కన పెట్టండి. రోమా పత్రిక పదహారో అధ్యాయంలో తెర్తియు అనే ఆయన ఈ పత్రిక రాసింది తనేనని చెప్పి మధ్యలో వందనాలు చెప్తాడు చూడండి, అంటే పౌలు చెప్తుంటే ఆయన రాశాడు. సంఘంలో డిగ్రీ చదివే పిల్లలు ఉంటారు, మీరు చెప్పండి, వాళ్లు రాస్తారు. ఆఖరున ఒక్క వాక్యమైనా మీ చేత్తో రాసి సంతకం పెట్టండి. అక్షరాలు పెద్దగా, వంకరగా ఉన్నా ఫర్వాలేదు. గలతీయులకు పౌలు రాసిన ఆఖరి మాటలు కూడా పెద్ద పెద్ద అక్షరాలే.

ముందు ఒక నోట్‌బుక్

ఉత్తరం రాద్దామని కూర్చున్నప్పుడు చేయి ఆడకపోవడానికి కారణం భాష రాకపోవడం అనుకుంటాం. నా అనుభవంలో మాత్రం, ఆ ఇంటి సంగతులు గుర్తులేక ఆగిపోతాం. అందుకే రెండు వందల పేజీల లాంగ్ నోట్‌బుక్ ఒకటి కొనండి. ఇంటికి రెండు పేజీలు వదలండి. పైన ఇంటి పెద్ద పేరు, పిల్లల పేర్లు, ఏ తరగతో, ఎవరు ఏ ఊళ్లో పనికి పోయారో, పోయినవాళ్లు ఏ తేదీన పోయారో. ఇంటికి పోయి వచ్చిన రోజు రాత్రి రెండు లైన్లు, అంతకన్నా వద్దు: "బోరు ఎండిపోయింది. చిన్నోడు ఇంటర్ ఫెయిలైన సబ్జెక్ట్ మళ్లీ రాస్తున్నాడు." ఆర్నెల్ల తర్వాత ఉత్తరం రాయాల్సి వస్తే ఆ రెండు లైన్లే మీకు మొదటి వాక్యం ఇస్తాయి.

ఈ నోట్‌బుక్‌లో ఏం రాయకూడదో కూడా చెప్పాలి. ఎవరైనా ఏడుస్తూ మీ దగ్గర ఒప్పుకున్న పాపం, భార్యాభర్తల మధ్య గొడవ, ఆడపిల్ల విషయం, ఎవరికెంత అప్పుందో, ఇవేవీ కాగితం మీద పెట్టొద్దు. గుర్తు కోసం ఒక చుక్క పెట్టుకుంటే చాలు. నోట్‌బుక్ పోతుంది, పిల్లలు తీసి చూస్తారు, మీరు ట్రాన్స్‌ఫర్ అయితే తర్వాతి పాస్టర్ చేతికి పోతుంది.

నేనిది కష్టపడి నేర్చుకున్నాను. ఒక తమ్ముడు తాగుడు మానడానికి నానా తిప్పలు పడుతుంటే, అందరం ప్రార్థన చేద్దామని ఆయన పేరుతో సహా సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టాను. మంచి ఉద్దేశమే, కానీ ఆయన్ను అడగలేదు. ఆ గ్రూపులో ఆయన బామ్మర్ది ఉన్నాడు, పని ఇచ్చే మేస్త్రీ ఉన్నాడు. ఆ కుటుంబం నాలుగు నెలలు మందిరం మెట్లెక్కలేదు. ఇంటికి పోయి క్షమించమని అడిగాను, వాళ్లు క్షమించారు గానీ ఆ నాలుగు నెలలు ఆ ఇంటి పిల్లలు సండే స్కూల్‌కు రాలేదనేది నా గుండెలో ఇంకా ఉంది. అప్పటి నుంచి ఒకటే పద్ధతి: ఎవరి సంగతైనా రాసే ముందు "ఇది రాయనా? ఎవరెవరికి తెలియొచ్చు?" అని వాళ్లనే అడుగుతాను. బాప్తిస్మం ఫొటోలు, పేర్లు కూడా అంతే. మనకు అది సంతోషం, కానీ ఆ మనిషి ఇంట్లో, ఊళ్లో ఏం జరుగుతుందో మనకు తెలియదు. వాళ్లంతట వాళ్లు చెప్పేదాకా మనం పెట్టొద్దు.

చావు జరిగిన ఇంటికి

అన్నిటికంటే కష్టమైన ఉత్తరం ఇదే, అందుకే దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

భూస్థాపన రోజు ఇచ్చే కాగితం ఎవరూ చదవరు. ఆ రోజు పక్కన నిలబడితే చాలు, వీలైతే చావు పనుల్లో చెయ్యేయాలి. జ్ఞాపకార్థ కూడిక అయిపోయి, చుట్టాలందరూ ఎవరి ఊళ్లకు వాళ్లు పోయి, వండిపెట్టేవాళ్లు కూడా లేక ఇల్లు బోసిపోయినప్పుడు రాయండి. పదిహేను, ఇరవై రోజులకు. మళ్లీ ఏడాదికి తేదీ గుర్తుపెట్టుకుని ఇంకొకటి రాయండి, ఆ తేదీ ఇంట్లోవాళ్లకు తప్ప ఎవరికీ గుర్తుండదు, మీకు గుర్తుందని తెలియడమే వాళ్లకు పెద్ద ధైర్యం.

ఏం రాయాలి? నేను ఒక పెద్దమ్మకు రాసిన దానిలాంటిదే, కొన్ని వివరాలు మార్చి ఇక్కడ పెడుతున్నాను.

"పెద్దమ్మా, వందనాలు. పెద్దనాయన పోయి ఇవాళ్టికి పదహారు రోజులు. ఆదివారం మందిరంలో ఆయన కూర్చునే కిటికీ పక్క చోట ఎవరూ కూర్చోలేదు. వాక్యం చెప్తూ నేను రెండుసార్లు అటే చూశాను. ఆ ఏడాది గాలివానకు మందిరం రేకులు లేచిపోతే ఎవరూ పిలవకముందే సుత్తి పట్టుకుని వచ్చింది ఆయనే. నీకు రాత్రిపూట నిద్ర పడతలేదని కోడలు చెప్పింది. ఏడుపొస్తే ఆపుకోకు. లాజరు సమాధి దగ్గర యేసు ప్రభువు కూడా కన్నీళ్లు విడిచాడు. శుక్రవారం పొద్దున నేనూ, మా ఇంటామె వస్తున్నాం. నీ చేతి చాయ తాగి పోతాం."

ఇందులో పోయిన మనిషి కనబడతాడు. నేను కళ్లారా చూసిన సంగతి ఒకటుంది. ఆమె ఇప్పుడు ఎట్లా ఉందో నాకు తెలుసని ఉంది. వాక్యం ఒక్కటే. ఎప్పుడు వస్తామో రోజుతో సహా ఉంది, ఇక శుక్రవారం వానొచ్చినా పోవాల్సిందే. "ఏదైనా అవసరముంటే చెప్పండి" అనే మాట మాత్రం నేను రాయను, దుఃఖంలో ఉన్నవాళ్లు ఎప్పుడూ నోరు తెరిచి అడగరు.

"దేవుడు మంచివాళ్లను తొందరగా తీసుకుంటాడు", "ఆయన చిత్తం మనకు అర్థం కాదు", "సమస్తమును సమకూడి మేలుకొరకే" లాంటివి ఈ ఉత్తరంలో వద్దు. ఆ చివరిది వాక్యమే, నిజమే. కానీ అది ఆ ఇంటివాళ్లు ఎన్నో ఏళ్ల తర్వాత తమ నోటితో తాము చెప్పుకోవాల్సిన మాట, పదహారో రోజున మనం అందించేది కాదు. యోబు స్నేహితులు ఏడు రోజులు నేల మీద కూర్చుని ఒక్క మాట మాట్లాడలేదు, అప్పటిదాకా వాళ్లు మంచి స్నేహితులే. కారణాలు చెప్పడం మొదలుపెట్టాకే వాళ్లు యోబుకు బాధ అయ్యారు.

మన జిల్లాల్లో ఇంకో రకం చావు ఉంది. బోరు మీద బోరు వేసి, పత్తి దెబ్బతిని, వడ్డీ పెరిగి, పురుగుమందు తాగిన రైతు ఇల్లు. నల్లగొండ వైపు, మన వైపు పనిచేసే పాస్టర్లలో ఇలాంటి గడప తొక్కనివాళ్లు తక్కువ. ఆ ఇంటికి రాసేటప్పుడు ఆయన ఎట్లా పోయాడో రాయొద్దు, ఎందుకు పోయాడో మీరు తేల్చొద్దు, పోయిన ఆయన ఆత్మ సంగతి మీరు తీర్పు చెప్పొద్దు. ఆయన ఎట్లా బతికాడో రాయండి. పిల్లలు పెద్దయ్యాక ఆ కాగితం చదువుతారని మనసులో పెట్టుకోండి. "మీ నాయన ఎండాకాలం మందిరానికి రోజూ రెండు బిందెల నీళ్లు తెచ్చి పోసేవాడు" అనే ఒక్క వాక్యం ఆ పిల్లలకు ఎంత అవసరమో ఆలోచించండి. వాక్యం కావాలంటే 34వ కీర్తన 18: "విరిగిన హృదయముగలవారికి యెహోవా ఆసన్నుడు." ఆసన్నుడు అంటే పక్కనే కూర్చున్నవాడు అని కింద మీ మాటల్లో రాయండి.

దీనికి ఆనుకునే ఇంకొక మాట. రాత్రి పదకొండుకు ఎవరైనా "అయ్యగారూ, బతకాలని లేదు" అని మెసేజ్ పెడితే దానికి జవాబు టైప్ చేస్తూ కూర్చోవద్దు, వచనం అస్సలు పంపొద్దు. వెంటనే ఫోన్ చేయండి, దగ్గరైతే బండి తీయండి, ఇంట్లోవాళ్లను లేపండి, పురుగుమందు డబ్బా ఇంట్లో లేకుండా చూడండి. మనసు బాగాలేనివాళ్లకు సహాయం చేసే ప్రభుత్వ ఫోన్ సేవ టెలి మానస్, దాని నంబర్ 14416కు ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. రాత పనికిరాని వేళలు ఉంటాయి, ఇది అలాంటిది.

ప్రసంగం భాష, ఇంటి భాష

మన నోటికి బైబిల్ తెలుగు అలవాటైపోయింది. కాగితం ముందు కూర్చుంటే అదే వస్తుంది: "దేవుడు తన యొక్క అపారమైన కృపా బాహుళ్యమును బట్టి మిమ్మును శ్రమల కొలిమిలో నుండి తప్పించియున్నాడు." ఇది మహబూబ్‌నగర్ ఆస్పత్రిలో కడుపు ఆపరేషన్ చేయించుకుని ఇంటికొచ్చిన ఒక అక్కకు రాయాల్సిన ఉత్తరం అనుకోండి. "అక్కా, ఆపరేషన్ అయింది, నువ్వు నడుచుకుంటూ ఇంటికొచ్చావు. దేవుడు నిన్ను మాకు తిరిగిచ్చాడు. ఇంకో నెల బిందె ఎత్తకు" అంటే ఆమె చదివి కళ్లు తుడుచుకుంటుంది. మొదటి దాంట్లో తప్పేం లేదు, కానీ అది ఆమె మంచం పక్కన కూర్చుని ఎవరూ మాట్లాడని భాష.

నేను పాటించేది ఇదీ. వచనాన్ని మాత్రం బైబిల్లో ఉన్నట్టే, ఒక్క అక్షరం మార్చకుండా రాస్తాను, ఎందుకంటే మన ముసలివాళ్లకు అవి ఆ మాటల్లోనే కంఠతా వచ్చు, మారిస్తే వాళ్లకు తమది అనిపించదు. మిగతాదంతా ఇంట్లో మాట్లాడినట్టు రాస్తాను. రాశాక ఒకసారి పైకి చదువుతాను, "యొక్క", "చేయబడియున్నది", "కలిగియుండుట" లాంటివి కనబడితే కొట్టేస్తాను. వచనంలో కష్టమైన మాట ఉంటే పక్కన వాళ్ల బతుకులో నుంచే అర్థం చెప్తాను. "నాకు లేమి కలుగదు"లో లేమి అంటే ఏంటని సండే స్కూల్లో ఒక పిల్ల అడిగితే, బియ్యం డబ్బా అడుగు కనబడడం అని చెప్పాను. ఆ వారమంతా ఆ పిల్ల ఇంటికెళ్లి డబ్బా మూత తీసి చూసిందట. తర్వాత వాళ్ల ఇంటికి నేను రాసిన కాగితంలో ఆ మాట మళ్లీ వాడాను.

ఉత్తరం ఏదైనా సరే, ఇతరుల దేవుళ్లను, పండుగలను, ఇంకో సంఘాన్ని, ఇంకో పాస్టర్‌ను తక్కువ చేస్తూ ఒక్క ముక్క రాయొద్దు. కాగితం ఎవరి చేతికైనా పోతుంది, పక్కింటి పెద్దమనిషి కూడా చదువుతాడు. ఆయన చదివి "మీ అయ్యగారు మంచిగ రాసిండు" అనేట్టు ఉండాలి.

చదవడం రాని ఇంటికి

2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా అక్షరాస్యత 55 శాతం దగ్గరే ఆగింది. మన సంఘాల్లో ముసలి తల్లులను చూస్తే ఆ లెక్క అక్కర్లేకుండానే తెలుస్తుంది. అయినా వాళ్లకూ ఉత్తరం రాయాలి. మొదటి సంఘాల్లో కూడా పత్రికను ఒకరు చదివితే మిగతావాళ్లు విన్నారు, థెస్సలొనీకయులకు మొదటి పత్రిక ఆఖరులో అందరికీ చదివి వినిపించమని పౌలు గట్టిగా చెప్తాడు. పురుషోత్తమ చౌదరి గారు (1803–1890) పాస్టరుగా ఉంటూ కట్టిన పాటలు ఒక్క అక్షరం రాని అవ్వలు ఇప్పటికీ మా మందిరంలో తప్పు పోకుండా పాడతారు. చెవికి ఎక్కేట్టు రాస్తే చదువు రాకపోవడం అడ్డం కాదు.

ఇలాంటి ఇంట్లో చదివి వినిపించేది సాధారణంగా ఎనిమిదో తరగతి మనవడో మనవరాలో. కాబట్టి ఉత్తరం ఆ పిల్లల నోటికి సరిపోవాలి. నేను రాసిన కాగితాన్ని ముందు మా వీధిలో అదే వయసు పిల్లవాడితో చదివిస్తాను. ఎక్కడ తడబడితే అక్కడ మాట మారుస్తాను. ఇది ఎంత గొప్ప సహాయమో చెప్పలేను, మీరూ చేసి చూడండి. "కీర్త 121:1-2" అని రిఫరెన్సు ఒక్కటే పెట్టకండి. బైబిల్ తీసి వెతికే మనిషి ఆ ఇంట్లో లేకపోవచ్చు, వచనం మొత్తం రాయండి.

ఇంకోటి, చదివేది మనవడు అని గుర్తుంటే ఏం రాయకూడదో కూడా తెలుస్తుంది. అత్తాకోడళ్ల మాటలు, ఆస్తి పంపకం, కొడుకు మీద ఆమె మీతో చెప్పుకున్న బాధ ఆ కాగితంలో ఉంటే, ఆ పిల్లవాడి నోటితో ఆ ఇంటి నడుమ చదివించినట్టే. అలాంటివి ఉంటే ఉత్తరం మానేసి మనిషే పోవాలి.

ఫోన్, ప్రింటు

ఫోన్‌లో రాయడం గురించి కొన్ని మాటలు చాలు. టైపింగ్ రాకపోతే కీబోర్డులో మైకు గుర్తు నొక్కి తెలుగులో చెప్తే అదే రాసుకుంటుంది, కాకపోతే బైబిల్ పేర్లు తప్పులు పోతాయి, పంపేముందు చదువుకోండి. రోజూ వాక్యం పంపాలనుకుంటే వాట్సాప్ గ్రూపు కంటే బ్రాడ్‌కాస్ట్ లిస్టు మంచిది. గ్రూపులో మన ఆడవాళ్ల నంబర్లు ముక్కూమొహం తెలియనివాళ్లకు కూడా కనబడతాయి. బ్రాడ్‌కాస్ట్‌లో ఎవరికి వాళ్లకే వచ్చినట్టు ఉంటుంది, జవాబు కూడా మీ ఒక్కరికే వస్తుంది. ఒక లిస్టులో 256 మంది దాకా పెట్టొచ్చు, కానీ మీ నంబర్ వాళ్ల ఫోన్‌లో సేవ్ అయి ఉంటేనే మెసేజ్ అందుతుంది, కాబట్టి ఇంటికి పోయినప్పుడు సేవ్ చేయించండి. పొద్దున అయిదింటికల్లా, పొలం పోయేలోపు అందాలి. ఒక వచనం, నాలుగు లైన్లు. "ఇది పదిమందికి పంపితే అద్భుతం జరుగుతుంది" అనే ఫార్వర్డులు పాస్టర్ ఫోన్ నుంచి ఒక్కటి కూడా పోకూడదు, అది మన జనాన్ని భయపెట్టి నడిపించడం. వేరే సేవకుడి మాట నచ్చి వాడుకుంటే ఆయన పేరు చెప్పండి.

క్రిస్మస్‌కో, ఉజ్జీవ కూడికలకో కరపత్రం వేయిస్తుంటే ఒక చిక్కు వస్తుంది. మనం ఫోన్‌లో టైప్ చేసేది యూనికోడ్, డీటీపీ షాపుల్లో చాలాచోట్ల వాడేది 'అను' అనే పేరున్న వేరే రకం ఫాంట్లు. ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి మార్చినప్పుడు వత్తులు ఎగిరిపోతాయి, లేదా ఆయన మొత్తం మళ్లీ టైప్ చేస్తాడు. ఏదైనా సరే ప్రూఫ్ తీసుకుని ఇంటికి తెచ్చి, బైబిల్ పక్కన పెట్టుకుని, ముఖ్యంగా అధ్యాయం, వచనం అంకెలు వేలు పెట్టి చూసుకోండి. ఎ4 కాగితం నడుమకు మడిస్తే నాలుగు పేజీలు వస్తాయి, మనకు అంతకంటే అక్కర్లేదు. అక్షరం 14 సైజుకు తగ్గనివ్వకండి, చత్వారం వచ్చిన కళ్లు చదవాలి.

సంఘం పుస్తకాలు కూడా సేవే

రిజిస్టర్లు రాయడాన్ని గుమస్తా పనిగా చూసి వదిలేస్తాం. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం కింద జరిగే పెళ్లికి రిజిస్టర్‌లో రాతే ఆధారం. అందులో పిల్ల పేరు ఒక అక్షరం తేడాగా రాస్తే, పదేళ్ల తర్వాత పాస్‌పోర్టు కోసమో, భర్త పోయాక పెన్షన్ కోసమో ఆమె ఆఫీసుల చుట్టూ తిరగాలి. ఆధార్ కార్డు, పదో తరగతి మెమో ముందు పెట్టుకుని రాయండి. వయసు కళ్లారా చూడండి, అబ్బాయికి 21, అమ్మాయికి 18 నిండకపోతే ఎవరు బతిమాలినా కలం ముట్టొద్దు. తప్పు పోతే దిద్దొద్దు, ఒక గీత కొట్టి పక్కన సరిగ్గా రాసి సంతకం పెట్టండి. పాత తేదీ వేసి సర్టిఫికెట్ ఇమ్మని అడిగేవాళ్లు వస్తారు, ప్రేమగా కాదని చెప్పండి. కానుకల లెక్క నెలకోసారి ఒక పేజీ రాసి మందిరం గోడకు అంటించండి.

వీటన్నిటికంటే తొందరగా చేయాల్సిన పని ముసలివాళ్ల మాటలు రాసిపెట్టుకోవడం. 1889లో రష్యా నుంచి బయల్దేరి నల్లగొండకు వచ్చిన అబ్రహాం ఫ్రీసెన్ గురించి, తర్వాత పాలమూరు, నాగర్‌కర్నూల్ వైపు పనిచేసిన మెన్నోనైట్ బ్రెదరెన్ మిషనరీల గురించి వాళ్ల వాళ్లు పుస్తకాల్లో రాసుకున్నారు. ఆ మిషనరీల మాట మొదట విన్న మన ముత్తవ్వల గురించి రాసింది తక్కువ. ఆ ముత్తవ్వల మాటలు విన్న ఆఖరి మనుషులు మన మందిరాల్లో గోడకు ఆనుకుని కూర్చుంటున్నారు. "మీరెప్పుడు రక్షణ పొందారు" అని అడిగితే వాళ్లు సాక్ష్యం చెప్పినట్టు రెండు ముక్కలు చెప్పి ఆగిపోతారు. "మొదటి మందిరం కప్పు దేనితో వేశారు? ఆ రోజు ఏం వండారు? ఎవరు తిట్టారు? బావి నీళ్లు ముట్టనిచ్చారా?" అని అడగండి. ఒక అవ్వ నన్ను కూర్చోబెట్టి, బోద గడ్డి కప్పు వేసిన మందిరం కోసం తాను చిన్నప్పుడు నెత్తి మీద మట్టి తట్టలు ఎట్లా మోసిందో, మెడ ఎట్లా పట్టేసేదో చూపించింది. ఆ మెడ మీద చెయ్యేసి చూపించిన తీరు కూడా రాసుకున్నాను. ఫోన్‌లో రికార్డు చేసి, ఆ వారంలోనే కాగితం మీదకు దించండి, ఫోన్లు పాడవుతాయి.

ఎప్పుడు రాయాలంటే, నాకు సోమవారం తెల్లవారుజామున కుదురుతుంది. ఆదివారం చూసిన మొహాలు ఇంకా కళ్లలో ఉంటాయి. ప్రార్థన చేసుకుని నోట్‌బుక్ తెరిచి ఆ వారానికి ఒక్క ఇల్లు ఎంచుకుంటాను. ముందు రోజు మందిరానికి రాని ఇంటిని మొదట చూస్తాను. అరగంట, అర పేజీ. రాసింది మా ఇంటామెకు చదివి వినిపిస్తాను, "ఇది ప్రసంగం లెక్క ఉంది" అని ఆమె అంటే మళ్లీ రాస్తాను. వారానికి ఒకటి అంటే ఏడాదికి యాభైకి పైనే, మన పల్లె సంఘాల్లో దాదాపు ప్రతి ఇంటికీ ఒకటి అందుతుంది.

ఉత్తరాన్ని వీలైతే చేతికే ఇవ్వండి. "ఇప్పుడే చదవండి" అని ఎదురుగా కూర్చోవద్దు, ఇచ్చి వేరే మాటలు మాట్లాడి వచ్చేయండి. జవాబు కోసం ఎదురుచూడొద్దు, చాలామంది రాయరు. వస్తే మాత్రం ఆ వారంలోనే తిరిగి రాయండి, ఆలస్యం చేయొద్దు. ఆ ముంబై తమ్ముడు ఉగాదికి వచ్చి మళ్లీ వెళ్లాక, వానాకాలం మొదట్లో ఒక మేస్త్రీ చేతికి సిమెంటు బస్తా కాగితం ముక్క ఇచ్చి పంపాడు. పెన్సిల్‌తో మూడు లైన్లు. "అయ్యగారూ వందనాలు. నేను మంచిగున్న. బిడ్డ ఇప్పుడు ఏ కీర్తన నేర్సుకుంటున్నదో రాయండి." ఆ సాయంత్రమే వాళ్లింటికి పోయి ఆ పిల్లను అడిగి, 121 అని చెప్తే, అక్కడే అరుగు మీద కూర్చుని రాసిచ్చాను.